పెన్ను వెంట గీత

పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోగా ఒక్క ఫొటో అయినా దిద్దడం ముగిద్దామని ఆమె కుర్చీలో కూర్చుంది. పలకలాంటి ట్యాబ్లెట్ మీద పెన్ను కదిపింది. పెన్ను చివరికి చేరినా తెరమీద గీత ఇంకా దారిలోనే ఉంది, బలవంతాన బయల్దేరిన చుట్టంలా.

సెట్టింగులు తెరిచి చూసింది. గీతను నునుపుగా సర్దే అంకె మళ్ళీ ఎనభై మీద ఉంది. అది పెంచితే గీత వంకరపోదు గానీ వెనకబడుతుంది; చెయ్యి తిరగనివాళ్ళకు సాయం. ఆమె ఎప్పుడూ పది దాటనివ్వదు.

ఆ కుర్చీ పొద్దున ఆమెది. మధ్యాహ్నం ఆమె స్టూడియో కౌంటర్లో ఉన్నప్పుడు భర్తది. ఫొటోల్లో మచ్చలు తుడవడంలో, కనురెప్పలు దిద్దడంలో అతనిది ఇరవయ్యేళ్ళ చెయ్యి. మరి ఈ సాయం ఎవరికి? స్టూడియోలో పొద్దుటిపూట పనికి కొత్తగా చేరిన అమ్మాయి, "సార్ దగ్గర పని నేర్చుకోవాలనుంది మేడమ్" అన్న మాట చెవిలో జోరీగలా తిరిగింది.

"అత్తయ్యా, మధ్యాహ్నం ఇంటికెవరైనా వస్తున్నారా?"

"వస్తే నాకేం తెలుస్తుందమ్మా! నీ మొగుడు గడియ పెట్టుకుంటున్నాడుగా. కాఫీ కూడా గుమ్మం బయటే పెట్టమంటాడు" అంది అత్తగారు పాలు దించుతూ.

గడియా! 'దేవుడా, నా అనుమానం అబద్ధం చెయ్యి' అని దండం పెట్టుకుంది. కంటికి కనిపించని దేవుణ్ణి అంత సులువుగా నమ్మే మనిషి పక్కనున్నవాణ్ణి ఎందుకు నమ్మలేదో! మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి తలుపు బాదింది.

అతను గడియ తీశాడు. గదిలో అతనొక్కడే ఉన్నాడు.

"ఏదీ ఆ అమ్మాయి?"

"ఏ అమ్మాయి?"

"నా కుర్చీలో కూర్చోబెట్టి నేర్పిస్తున్నారే, ఆవిడ! ఎనభై మీద పెట్టుకుని గీసేది మీరా?"

అతను ఆ అంకెను సున్నా చేశాడు. పెన్ను ఆనించాడు. తెరమీది ముఖంపై గీత దారి తప్పిన చీమలా పాకింది.

"నేనే. చెయ్యి నిలవక మూడు నెలలైంది. ఒక్కో కనురెప్పా నాలుగుసార్లు గీస్తున్నా. స్టూడియోవాళ్ళకి తెలిస్తే పనివ్వరు. నీకు తెలిస్తే జాలిపడతావు."

"జాలా! పొద్దుట్నుంచీ మనసులో తిట్టుకుంటున్నానండీ మిమ్మల్ని!"

"ఏమిట్రా, ఎవరా అమ్మాయి?" అత్తగారు వంటింట్లోంచి కేకేసింది.

"ఎవరూ లేరత్తయ్యా!"

ఆమె స్టూలు లాక్కుని పెన్ను అందుకుంది. "ఎక్కడ దిద్దాలో చెప్పండి, నేను దిద్దుతా. సాయంత్రం డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం."

"రెప్ప చివర తేలిగ్గా..."

"ఆగండి. నాకేం కనబడట్లేదు."

అతను చెయ్యి చాచి ఆమె చెంప తుడిచాడు. ఆ చెయ్యి వణికి, తడి ఒకపట్టాన పోలేదు. ఆమె కదలకుండా కూర్చుంది, ఎంతసేపు పడితే అంతసేపూ.