చార్టులో లేని చుక్క

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. అమ్మ మాత్రం కీడెంచడం దగ్గరే ఆగిపోతుంది. మేలు ఎంచుదామనుకునేలోపు ఇంకో కీడు గుర్తొస్తుంది ఆవిడకి.

అందుకే ఆ సాయంత్రం రెండో అంతస్తు బాల్కనీ అవతల, గాలిలో ఒక మగమనిషి తల మెల్లగా పైకి లేస్తుంటే ఆవిడ గుండె గుభేలుమంది. గభాలున కర్టెన్ వెనక్కి వెళ్ళి నిలబడింది.

కూతురికి భయం లేదు. కోపమే వచ్చింది.

"ఎవరండీ మీరు? మా బాల్కనీలో మీకేం పని?"

"మీ బాల్కనీలో లేనండీ. గాలిలో ఉన్నాను, చూసుకోండి." పసుపు హెల్మెట్ పెట్టుకుని, నిచ్చెన బండి బుట్టలో నిలబడి ఉన్నాడతను. "లైన్‌మన్‌నండీ. మీ ముందున్న వీధి దీపం మూడు వారాలుగా వెలగడం లేదట."

"వెలగక్కర్లేదు. మీరు దిగొచ్చు."

"వెలగలేదని తిట్టినవాళ్ళున్నారు గానీ, వెలిగించొద్దని తిట్టింది మీరేనండీ!"

"నేను చుక్కలు చూస్తాను. ఆ దీపం వెలిగిందంటే ఆకాశానికి సున్నం కొట్టినట్టే. ఫోన్లో క్లాసు వింటూ, ఇదిగో, ఈ బాల్కనీలోంచే నేర్చుకుంటున్నా. మీరొచ్చి చెడగొట్టకండి."

అతను జేబులోంచి కాగితం తీశాడు. "మరి మీ ఇంట్లోంచే పదకొండు కంప్లైంట్లు వచ్చాయే?"

కూతురు మెల్లగా వెనక్కి తిరిగింది.

"చీకట్లో మెట్ల మీద ఎవరైనా జారితే? మలుపులో ఎవడైనా నక్కితే?" అంది కర్టెన్ వెనకనుంచి అమ్మ. "ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడవాళ్ళం. దీపమైనా తోడుండొద్దూ?"

కూతురు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తుంది. పవరు తప్పు పడి పక్కన పెట్టేసిన ప్లస్ వన్ అద్దాన్ని యజమానినడిగి తెచ్చుకుంది. దాన్నో ప్లాస్టిక్ పైపుకి బిగించి, రెండో కొసన బఠాణీ గింజంత ఉబ్బెత్తు అద్దం అతికిస్తే టెలిస్కోపు అవుతుందట. అవుతుందో లేదో గానీ, మంచులో మెడ ఎత్తి నిలబడితే పిల్ల మెడ పట్టేస్తుందని అమ్మ దిగులు.

మర్నాడు లైన్‌మన్ మళ్ళీ గాలిలో తేలాడు. చేతిలో కత్తిరించిన పెయింటు డబ్బా.

"దీన్ని దీపానికి టోపీలా బిగిస్తానండీ. వెలుగంతా కిందికే పడుతుంది. అమ్మగారికి మెట్లు కనబడతాయి, మీకు చుక్కలు కనబడతాయి."

కూతురు వాదన పెట్టుకోకుండా లోపలికెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చి అందించింది.

ఆ టోపీకి నాలుగు స్క్రూలు. వాటిని బిగించడానికి అతను ఆరు సాయంత్రాలు వచ్చాడు. ఒకరోజు వంకర పోయిందన్నాడు. ఒకరోజు గాలికి కదిలిందేమోనన్నాడు. ఒకరోజు ఏమీ అనకుండానే వచ్చి, అప్పుడే పూర్తయిన పైపులో కన్ను పెట్టి, "ఇదేంటండీ, ఇలా కనబడుతోంది!" అని పకపకా నవ్వాడు. కూతురు ఏం చెప్పిందో వినేలోపు పొయ్యి మీద పాలు గుర్తొచ్చి అమ్మ వంటింట్లోకి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి ఇద్దరి మధ్యా ఒక నోటు పుస్తకం.

"మీవల్ల నాకో నష్టం జరిగింది తెలుసా?" అంటోంది కూతురు. "చుక్కల చార్టులో ఎక్కడా లేని చుక్కని, ఈ పైపు లేకుండా ఉత్త కళ్ళతోనే పట్టుకున్నా. మా టీచరేమో పది సాయంత్రాలు చూసి రాసి పంపమన్నారు. తొమ్మిది రాశా. పదో రోజు మీరు ఊడిపడ్డారు. అప్పట్నించీ అది మాయం."

"ఏదీ, చూడనివ్వండి." అతను పైకే చదివాడు. "'సోమవారం. ఆరూ యాభై. నీళ్ళ ట్యాంకుకి ఎడమ పక్క. తెల్లగా ఉంది, మిణుకు లేదు. మెల్లగా పైకి లేచి ఆగింది. ఏడూ పదికి కిందికి దిగిపోయింది. మంగళవారం. ట్యాంకుకి కుడి పక్క. ఈరోజు ఎందుకో వణికింది.'"

చదవడం ఆపేశాడు. అతని ముఖం చూసి అమ్మ అనుకుంది, కరెంటు కొట్టిందేమోనని.

"మంగళవారం గాలి ఎక్కువండీ," అన్నాడు మెల్లగా.

"అయితే?"

"స్తంభం ఊగింది."

చెయ్యెత్తి హెల్మెట్ ముందున్న లైటు వెలిగించాడు. ఆర్పాడు. మళ్ళీ వెలిగించాడు.

"సోమవారం ట్యాంకు ఎడమ వీధిలో పని చేశాను. మంగళవారం కుడి వీధిలో. శుక్రవారం ఖాళీగా వదిలేశారేం?"

"మబ్బు అడ్డమొచ్చిందనుకున్నా..."

"జ్వరమండీ."

కూతురు రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. అతనికి నవ్వు ఆగితేగా!

"నన్ను ఇన్నాళ్ళు ఇంత శ్రద్ధగా ఎవరైనా చూశారంటే మా అమ్మ కూడా నమ్మదండీ."

"నేను చూసింది చుక్కని. మిమ్మల్ని కాదు."

"ఆ చుక్కే మీ బాల్కనీ దాకా వచ్చింది కదా. పదో రోజు రాయరా?"

"చుక్కలు దూరంగా ఉంటేనే బాగుంటాయి," అంది కూతురు. అంది గానీ, చెవులు రెండూ ఎర్రగా కందిపోవడం అమ్మ చూడనే చూసింది.

ఆ ఆదివారం తలుపు చప్పుడైంది. హెల్మెట్ లేదు, బుట్ట లేదు. లైన్‌మన్ మెట్లెక్కి వచ్చాడు. ఇది దీపం సంగతి కాదని అమ్మకి అప్పుడే అర్థమైపోయింది.

"అమ్మగారూ, మీ అమ్మాయికి ఇష్టమే. మీరు కూడా సరేనంటే..."

"నువ్వు మంచివాడివే బాబూ. నేను కాదనను. కానీ నీది స్తంభాలెక్కే పని. కరెంటుకి చుట్టరికాలు తెలీవు. నా కూతురు రోజూ గుండె అరచేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడాలా? ఆ పనికి ఇంట్లో నేనొక్కదాన్ని చాలనా?"

"బెల్టు కట్టుకునే ఎక్కుతానండీ."

"తెగితే?"

"ఇంకోటి ఉంటుందండీ."

"అదీ తెగితే?"

పాపం, అతని దగ్గర మూడో బెల్టు లేదు. లేచి వెళ్ళిపోయాడు.

కూతురు ఏడవలేదు, అలగలేదు. "నువ్వు సరేననకుండా నేనేమీ చెయ్యనులేమ్మా," అంది, అంతే. క్లాసు వినడం మానేసింది. బాల్కనీ తలుపు తీయడం మానేసింది. నోటు పుస్తకం బల్ల మీద అలాగే పడి ఉంది, పదో పేజీ తెల్లగా. పోట్లాడినా బాగుండును అనిపించింది అమ్మకి.

అయిదో రోజు సాయంత్రం ఆరిన బట్టలు తీయడానికి అమ్మ బాల్కనీలోకి వెళ్ళింది. కూతురు ఇంకా షాపునుంచి రాలేదు. పైపు తన స్టాండు మీద నీళ్ళ ట్యాంకు వైపు తిరిగి ఉంది. తలుపే తీయని పిల్ల దీన్నెప్పుడు అటు తిప్పిందో మరి! బట్టలు భుజాన వేసుకుని, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసి, అమ్మ కన్ను పెట్టింది.

ముందు మసక కనబడింది. తర్వాత ఒక స్తంభం. బండి పట్టని సందు కాబట్టి దానికి నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన మీద పసుపు హెల్మెట్.

తల కిందికి. కాళ్ళు పైకి!

"ఓరి నాయనో!"

బట్టలెక్కడ పడ్డాయో తెలీదు. చెప్పుల్లేవు. ఎప్పుడూ ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగే మనిషి రెండంతస్తులూ ఒక్క ఊపున దిగింది. డబ్బా టోపీ కిందనుంచి పడుతున్న వెలుగులో ప్రతి మెట్టూ తేటగా కనబడుతూనే ఉంది. వీధి దాటింది, మలుపు తిరిగింది, సందులోకి దూరింది.

"ఎవరైనా పట్టుకోండర్రా! పడిపోతున్నాడు! మా అల్లుడు పడిపోతున్నాడు!"

కిటికీలన్నీ తెరుచుకున్నాయి. స్తంభం మీదనుంచి లైన్‌మన్ కిందికి చూశాడు. నిటారుగా, శుభ్రంగా, రెండు కాళ్ళ మీదా నిలబడి ఉన్నాడు.

"అమ్మగారూ! నేను బాగానే ఉన్నానండీ!"

"నోరు మూసుకుని నిచ్చెన గట్టిగా పట్టుకో!"

వెనకనుంచి ఒక చెయ్యి అమ్మ భుజం మీద పడింది. షాపునుంచి వస్తున్న కూతురు.

"అమ్మా, ఆ పైపులో అన్నీ తలకిందులుగానే కనబడతాయే. ఆ అద్దాల తీరే అంత. ఆయనకి చెప్తుంటే నువ్వు వినలేదూ?"

"పాలు పొంగుతున్నాయని పోయానుగా!" అంది అమ్మ ఆయాసపడుతూ.

"ఇందాక ఏమన్నావు? మా ఏంటి పడిపోతున్నాడన్నావు?"

అమ్మ నేల చూసింది. పైనుంచి ఇంకో గొంతు. "నాక్కూడా సరిగ్గా వినబడలేదండీ! మళ్ళీ ఒక్కసారి!"

"ముందు దిగు. దిగాక చెప్తా."

అతను రెండేసి మెట్లు వదిలేస్తూ దిగబోయాడు.

"మెల్లిగా!" అని అమ్మ, కూతురు ఒకేసారి అరిచారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక నోటు పుస్తకం తీసి పదో పేజీ అమ్మే రాసింది. అక్షరాలు కాస్త వంకరపోయాయి గానీ కూతురు దిద్దలేదు.

"పదో సాయంత్రం. ట్యాంకు పక్క సందు. ఏడూ అయిదుకి దిగాడు. దెబ్బలేమీ లేవు."

పదకొండో సాయంత్రం నుంచి ఆ పుస్తకం అమ్మదైపోయింది. ఆరున్నర కాగానే శాలువా కప్పుకుని, పైపు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. అల్లుడు తలకిందులుగా ఎక్కి, తలకిందులుగానే క్షేమంగా దిగేదాకా అక్కణ్ణుంచి కదలదు.