గిలక్కాయ ఊపొద్దు

ఏజెంట్ కనకరాజు గడ్డి టోపీ బేరమాడుతూ చచ్చిపోయాడు. సిడ్నీ హార్బర్ ఒడ్డున వారాంతపు సంతలో, కరీబియన్ చేతివస్తువులు అమ్మే స్టాల్ ముందు. టోపీ పెట్టుకున్నాడు, అద్దంలో చూసుకుని మురిసిపోయాడు, కూలిపోయాడు. డాక్టర్లు గుండెపోటన్నారు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు డిపార్ట్‌మెంటు వాళ్లకి మాత్రమే కనిపించింది.

వారం తిరిగేసరికి అదే స్టాల్‌కి వంశీధర్‌ని పంపారు.

బ్రీఫింగ్ హారిస్ పార్క్‌లో, స్వీట్ షాపు వెనక గదిలో. చీఫ్ పేరు సీతారావమ్మ. బయట కాజాలు తూచే ఆంటీ, లోపల ఆస్ట్రేలియాలోని మన ఏజెంట్లందరికీ బాస్.

"ఆ స్టాల్లో సేల్స్ గర్ల్ నీకు తెలిసిన తన్మయే, మన మనిషి. కనకరాజుని చంపిన ముఠాలో చేరి మనకి పనిచేస్తోంది. వాళ్ల నెక్స్ట్ టార్గెట్ ఎవరో చెప్పే చిప్ నీకిస్తుంది. కోడ్ వర్డ్ 'రిటర్న్ గిఫ్ట్'."

"ఆంటీ, నాకు భయంగా ఉందండీ."

"కనకరాజు భయపడలేదు. నువ్వు భయపడు బాబూ. వెళ్లిరా."

వంశీధర్‌ది మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో గృహప్రవేశం పెట్టుకున్న ఇంటాయన వేషం. కళ్లజోడులో కెమెరా, పెట్టుడు మీసం. మీసం బాగానే నిలబడింది, ధైర్యమే నిలబడలేదు.

స్టాల్ నిండా ఈతాకు బుట్టలు, స్టీల్ డ్రమ్ములు, ఎండిన కాయల్ని తొలిచి రంగులేసిన గిలక్కాయలు. తన్మయి చెవులకు కొబ్బరిచిప్ప లోలాకులు ఊగుతున్నాయి. చూపు తిప్పుకోవడం కష్టమే. కనకరాజుకీ ఇలాగే కష్టమైందేమో అనుకున్నాడు వంశీధర్.

"రిటర్న్ గిఫ్ట్స్ కావాలండీ."

"ఇవి బావుంటాయండీ." ఎర్ర గిలక్కాయ ఒకటి సంచీలో పెట్టి గొంతు తగ్గించింది. "నెక్స్ట్ టార్గెట్ ఎవరో ఇందులోనే ఉంది. లాక్ టైట్‌గా ఉంది. ఆంటీ చేతికిచ్చి మూడుసార్లు గట్టిగా ఊపమనండి, ఓపెన్ అవుతుంది. మీరూ పక్కనే ఉండండి. నా షిఫ్ట్ అయిపోయింది, వెళ్తున్నా."

రైలు సెంట్రల్ స్టేషన్ దాటింది. సంచీ ఒళ్లో పెట్టుకుని వంశీధర్ ఊపిరి పీల్చుకున్నాడు. పని అయిపోయింది. మరి మనసు ఎందుకు కుదుటపడదు?

వెళ్తున్నా. ఆ మాట దగ్గరే ఏదో గుచ్చుకుంటోంది.

తన్మయి మొదటిసారి కలిసింది కాన్‌బెర్రా గంగాలిన్ ట్రామ్ స్టాప్‌లో. ఆ రోజు తను "వెళ్తున్నా" అని లేస్తే, చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "అలా అనకూడదండీ, మా అమ్మమ్మ చంపేస్తుంది. వెళ్లొస్తా అనాలి. అన్నాక రావాలి. రానిచోట ఆ మాట అనకూడదు." ఆ తర్వాత ఫోన్ పెట్టేసేటప్పుడు కూడా ఆమె ఎన్నడూ "వెళ్లొస్తా" అనకుండా ఉండలేదు.

ఇవాళ అనలేదు.

ఊరంతటికీ అబద్ధాలు చెప్పగలదు గానీ, ఆ ఒక్క మాట అబద్ధంగా అనడానికి ఆమెకి నోరు రాలేదు. తిరిగొచ్చి కలవడానికి ఆంటీ ఉండదు, తనూ ఉండడు. నెక్స్ట్ టార్గెట్ నిజంగానే ఇందులో ఉంది!

వంశీధర్ ఇయర్‌పీస్ నొక్కాడు. "ఆంటీ, షాపు ఖాళీ చేయించండి! తన్మయి ప్లేటు ఫిరాయించింది. బాంబ్ స్క్వాడ్‌ని స్టేషన్‌కి..."

ఒళ్లో సంచీ తేలికైంది.

ఎదురు సీట్లో తల్లి ఫోన్‌లో మునిగి ఉంది. ఆమె పక్కనుంచి దిగిన పసిపిల్ల చేతిలో ఎర్ర గిలక్కాయ!

"షేక్ షేక్!" అంటూ ఊపింది. గింజల చప్పుడు రాలేదు. లోపల గాజుబుడ్డి కదిలింది.

లాక్కుంటే ఊగుతుంది. అరిస్తే బెదిరి విసిరేస్తుంది. పిల్ల కిలకిలా నవ్వుతూ రెండోసారి ఊపింది. గిలక్కాయ మూత దగ్గర సన్నటి గీత విచ్చుకుంది.

పిల్ల చెయ్యి మళ్లీ పైకి లేచింది.

వంశీధర్ పెట్టుడు మీసం పీకి పిల్ల ముందు ఆడించాడు.

పిల్ల కళ్లు ఇంతింతయ్యాయి. గిలక్కాయ వదిలేసి రెండు చేతులా మీసం లాక్కుంది. జారిన గిలక్కాయని వంశీధర్ బొర్లాపడి అరచేతుల్లో పట్టుకున్నాడు. హారిస్ పార్క్ వచ్చేదాకా అలాగే పడుకుని ఉన్నాడు. ప్రయాణికులు తాగుబోతనుకున్నారు. అనుకోనీ.

గిలక్కాయలో ఉన్న విషవాయువు ఆ రైలు పెట్టె మొత్తానికి సరిపోయేదట.

సాయంత్రానికి తన్మయి ఎయిర్‌పోర్ట్‌లో దొరికింది. గుర్తుపట్టడానికి వంశీధర్‌ని పిలిపించారు. సంకెళ్లతో వ్యాన్ ఎక్కబోతూ ఆమె ఆగింది. అతని పైపెదవి వైపు చూసి చక్కగా నవ్వి, చెవిలో ఒక మాట చెప్పి ఎక్కేసింది.

వ్యాన్ మలుపు తిరిగింది. సీతారావమ్మ కాజాల పొట్లం విప్పింది.

"తిను బాబూ. దొరికిపోయిందిగా, ఇంకా ఆ వణుకేంటి?"

"ఆంటీ," అన్నాడు వంశీధర్, "వెళ్లొస్తా అందండీ."