అడగకుండా సర్దిన డిస్కు

“ఇప్పుడు రాకెట్‌లా పరిగెడుతోంది, చూడండి,” అన్నాడు మెకానిక్, కంప్యూటర్‌ను టీచర్ వైపు తిప్పుతూ. బయట పొద్దుటి నుంచీ ముసురు.

“స్పీడెవరు అడిగారండీ? ఏం చేయాలో ఇవాళ వచ్చి చెబుతానన్నానుగా.”

నిజమే, నిన్న ఆమె కంప్యూటర్‌ను హడావిడిగా పెట్టి వెళ్లింది. మౌస్ కోసమనీ కేబుల్ కోసమనీ ఆమె షాపుకు రావడం మొదలై నెలయింది. ఆమె ఒక్కసారి నవ్వితే ఆ పూటకు లాభం వచ్చినట్టే అనుకునే మనిషి అతను. ఆ ఆశతోనే డిస్కును డీఫ్రాగ్ చేశాడు. ఆ మాటే చెప్పాడు.

“అంటే ఏం చేశారు?”

“ఒక్కో ఫైలూ ముక్కలై తలోచోటా ఉంటుందండీ. తెరవాలంటే డిస్కు అన్ని చోట్లకీ తిరగాలి. అందుకే నిదానం. ఆ ముక్కల్ని ఖాళీల్లోకి జరిపి పక్కపక్కన పేర్చాను.”

“సరే. మా తమ్ముడు పొరపాటున నాన్న రికార్డింగులు డిలీట్ చేశాడు. నాన్న పోయి ఏడాదైంది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. డిలీటైనవి మళ్లీ తీయొచ్చట కదా?”

తీయొచ్చని అతనికి తెలుసు. డిలీట్ చేసిన ఫైలు వెంటనే పోదు. దాని చోటు ఖాళీ అని డిస్కు గుర్తు పెట్టుకుంటుంది, అంతే. ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా అది అక్కడే ఉంటుంది. ఆ ఖాళీల్లోనే అతను నిన్నంతా వేరే ముక్కల్ని కూర్చోబెట్టాడు.

మనసు లెక్క వేసింది. ముందే పోయాయండీ అంటే సరి. పట్టుకునేవాళ్లు లేరు. కానీ అలాంటి అబద్ధంతో మొదలైతే ఈమెతో ఏ పొత్తూ నిలవదు.

“నిన్నటిదాకా ఉండే ఉంటాయి. నేనే చెరిపేశాను,” అన్నాడు.

ఆమె స్టూలు మీద కూలబడింది.

“నన్నడక్కుండా ఎందుకు చేశారు?”

“మీరు సంతోషిస్తారని.”

“నా సంతోషంతో మీకేం పని?”

“నెల్రోజులుగా నాకు అదే పనండీ.”

ఆమె నవ్వలేదు. అతను డిస్కును వేరే మిషన్‌కు తగిలించి, మిగిలిన ఖాళీలన్నీ గాలించాడు. రెండు గంటలకు ఒకే ఒక్క ముక్క దొరికింది. తొమ్మిది సెకన్లు. గరగర, ఒక దగ్గు, ఆ తర్వాత ముసలి గొంతు: “ఇది రికార్డవుతోందంటావా, తల్లీ?”

ఆమె దాన్ని ఆరుసార్లు విని కళ్లు తుడుచుకుంది.

“దీని తర్వాత పాట పాడాడు. అది లేదు కదూ?”

“లేదండీ.”

“ముందే పోయాయంటే నమ్మేదాన్ని.”

“తెలుసు.”

ఆ తొమ్మిది సెకన్లూ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. ఆమె గుమ్మం దాటబోతుంటే ధైర్యం కూడగట్టుకున్నాడు.

“రేపు టీకి రమ్మని అడగొచ్చా?”

“రేపు నా వల్ల కాదు,” అంది ఆమె, వానను చూస్తూనే. “వచ్చే వారం మళ్లీ అడగండి.”