తప్పు పలికిన చిలక

"చిలక ఎదురుతిరిగింది. మంత్రిగారి పక్కనుంచి కదలకు." ఎడమ చెవిలో బాస్ గొంతు.

సౌండ్ ఇంజనీర్ వేషంలో ఉన్న ఏజెంట్ డేగ తలెత్తి చూశాడు. సదస్సు హాలు చివర దుభాషీల అద్దాల బూత్‌లో చిలక. ముత్యాల దండ, మత్తు గొంతు. విదేశీ ముఠాలో దుభాషిగా చేరి మనకి రహస్యాలు పంపే డబుల్ ఏజెంట్. కొన్నాళ్లుగా కబురు లేదు. ఇవాళ ఆమె వెనక ఎవడో కొత్తవాడు. కోటు జేబులోంచి చెయ్యి తియ్యడం లేదు.

విదేశీ ప్రతినిధి కుర్చీలోంచే ప్రసంగం మొదలుపెట్టాడు. ఆ భాష డేగకి క్షుణ్ణంగా వచ్చు.

'సమస్యని పరిశీలిస్తాం' అన్నాడాయన. కుడి చెవి హెడ్‌ఫోన్‌లో చిలక ఇంగ్లీషు అనువాదం. 'లుక్ ఇన్‌టు' అనాల్సింది, 'లుక్ అండర్' అంది.

అంటే కింద చూడమని!

'మాట మీద ఉంటాం' అన్నాడు. 'స్టాండ్ బై' కాస్తా 'స్టాండ్ ఆన్' అయింది.

"సర్, తోకమాటలే మారుస్తోంది. నిలబడేదాని కింద చూడమంటోంది."

"అది ఉచ్చు! నిన్ను పక్కకి లాగి మంత్రిగారిని కాల్చేస్తారు."

కావచ్చు. ఆమె ఇప్పుడు ఎవరి చిలకో ఎవరికి తెలుసు? అయినా డేగ వైరు సర్దుతున్నట్టు వంగి, మంత్రిగారు నిలబడి మాట్లాడే చెక్క వేదిక కింద చెయ్యి పెట్టాడు.

ఇనప పెట్టె. టిక్ టిక్. సగం బయటికొచ్చిన పిన్ను.

ప్రతినిధి ప్రసంగం ముగింపుకొచ్చింది, తన వంతు కోసం మంత్రిగారు లేచారు. డేగ పిన్ను పట్టుకున్నాడు, లాగెయ్యడానికి.

"ఒప్పందం నుంచి తప్పుకోం, ముందుకు సాగుతాం" అంటున్నాడు ప్రతినిధి.

"వియ్ మస్ట్ నాట్ పుల్ అవుట్," అంది చిలక. అది సరైన అనువాదమే. బయటికి లాగొద్దని హెచ్చరికా? డేగ లాగబోయి ఆగాడు.

"వియ్ మస్ట్ పుష్ ఇన్."

సాగడమైతే పుష్ ఆన్. ఇన్ అంటే లోపలికి! నమ్మాలా? మంత్రిగారి బూటు వేదిక అంచు తాకింది.

డేగ కళ్లు మూసుకుని నొక్కేశాడు.

టిక్‌టిక్ ఆగిపోయింది.

"సర్, బాంబు! బూత్‌లోవాణ్ణి పట్టుకోండి!"

క్షణాల్లో గార్డులు వాణ్ణి నేలకి అదిమారు. జేబులో పిస్తోలు దొరికింది. చిలక బయటికొచ్చింది.

"సూటిగా చెప్పొచ్చుగా?" అన్నాడు డేగ.

"బాంబు అంటే వాడికి అర్థమైపోదూ? ఇన్నూ, ఆన్నూ ఎవరు పట్టించుకుంటారు?"

అంతలో బాస్ గొంతు. "ప్రతినిధిగారు మండిపడుతున్నారయ్యా. మన చిలక ఆయన ప్రసంగాన్ని ఖూనీ చేసిందట."

"నిజమే సర్," అన్నాడు డేగ. "ఇవాళ ఇక్కడ జరిగింది ఆ ఒక్క ఖూనీయే."