మిరపకాయల రోజు గడపని ఎన్‌కోడర్

ఆ ఆదివారం మధ్యాహ్నం, చైతన్యపురి వెనకాల కొత్తగా వెలిసిన కాలనీలో, ఆ ఇంట్లో ఉన్నది నలుగురే. గడపలో చేతులు కట్టుకుని అందరినీ కొరకొర చూస్తున్న ఇంటామె అనంతమ్మ. ఫోను పక్కన రక్షణశాఖ ఇంజనీరు రామస్వామి. నీలం షిఫాన్ చీరలో అమ్మాజీ. కిరాయికి ఉంటున్న ఆండాలు.

ఆండాలు సీక్రెట్ ఏజెంట్. ఆ సంగతి తెలియనిది అనంతమ్మకు ఒక్కదానికే. అమ్మాజీ కూడా అదే శాఖ మనిషి; ఆమె మీద ఆండాలుకు మొదటి నుంచీ నమ్మకం లేదు.

మిషన్ పేరు ‘జొన్నరొట్టె’. సరిహద్దులోని ఫిరంగులకు రెండు రకాల్లోంచి ఒక షాఫ్ట్ ఎన్‌కోడర్‌ను ఎంచుకోవాలి. ఇరుసు చివర బిగించే పిడికెడంత పరికరం అది. ఫిరంగి ఎంత తిరిగిందో లెక్కపెట్టి కంప్యూటర్‌కు చెబుతుంది. ఎడారి దుమ్ములో ఆ లెక్క తప్పితే గుండు మన జవాన్ల మీదే పడుతుంది. ఒక విదేశీ ముఠా సరిగ్గా అలాంటి సరుకునే అంటగట్టాలని చూస్తోంది. ల్యాబ్‌లోనూ వాళ్ల మనుషులున్నారని తేలడంతో పరీక్షను అనంతమ్మ ఇంటిని ఆనుకుని ఉన్న ఆమె పిండి గిర్నికి మార్చారు. అంత దుమ్మూ అంత అదురూ ఇంకెక్కడ దొరుకుతాయి?

ఆండాలు గిర్నిలో పనికి చేరి, మొదటి ఎన్‌కోడర్‌ను ఇరుసుకు బిగించి వారం నడిపింది. అంతలో ఢిల్లీ నుంచి పిలుపొచ్చింది. రెండోదాన్ని నడిపే పని తప్పనిసరై అమ్మాజీకి అప్పగించి వెళ్లి, ఈ రోజే తిరిగొచ్చింది.

“రెండోదే గట్టిది సార్.” తెల్లటి పిండి కమ్ముకున్న ఎన్‌కోడర్‌ను అమ్మాజీ బల్ల మీద పెట్టింది. “వారమంతా గిర్ని మీదే ఉందండీ. ఒక్క లెక్క కూడా మిస్ కాలేదు. ఎల్.బి.నగర్‌లో సరుకుతో లారీ కూడా రెడీగా ఉంది.”

ఢిల్లీకి బుక్ చేసిన ట్రంక్ కాల్ కలిసింది. రామస్వామి రిసీవర్ ఎత్తాడు. ఏది ఎంచుకున్నదీ ఒక్క మాటలో చెప్పాలి, అంతే.

ఆండాలు ఆ ఎన్‌కోడర్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంది. గోధుమపిండి వాసన తప్ప ఏమీ లేదు.

“అక్కా, మొన్న శుక్రారం కారం పట్టిన్రా?”

“పట్టకుంటె ఊకుంటరా?” అనంతమ్మ కసిరింది. “శుక్రారమంటె మిరపకాయల రోజేనాయె. బడంగ్‌పేట్ నుంచి గూడ ఒచ్చిన్రు. దగ్గలేక సచ్చిన.”

ఆండాలు మొదటి ఎన్‌కోడర్‌ను రామస్వామి ముందుకు జరిపింది. సందుసందునా ఎర్రటి కారం. అతను వంగి చూసి తుమ్మాడు.

“ఆ గిర్నిల శుక్రారం గడిపిన వస్తువు గిట్లుంటది సార్. రెండోది డబ్బాలోకెల్లి బయటికే రాలే. పైన పిండి చల్లి తెచ్చిన్రు.”

ఆమె జడలోని పిన్ను తీసింది. నిజానికది స్క్రూడ్రైవర్. మూత విప్పితే లోపల లెక్క గీతలున్న పల్చటి గాజుబిళ్ల. ఇరుసు చుట్టూ దుమ్ము ఆపే రబ్బరు లేనే లేదు. చల్లిన కాస్త పిండే అప్పుడే గాజు మీదికి చేరింది.

అమ్మాజీ తాపీగా లిప్‌స్టిక్ తీసి మెలితిప్పింది. దానిలోంచి సన్నటి గొట్టం బయటికొచ్చి రామస్వామి కణతను తాకింది.

“పిండి పట్టేదానికి ఇంత తెలివెందుకమ్మాయ్? రెండోది అని చెప్పండి సార్.”

రామస్వామి రిసీవర్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. “రెం...”

ఆండాలు మొదటి ఎన్‌కోడర్‌ను విసిరింది. అది అమ్మాజీ మణికట్టును విరగ్గొట్టి, షాబాదు బండల మీద ఎగిరెగిరి పడింది. గదంతా కారం లేచింది. కళ్లు మూసుకుపోయిన అమ్మాజీని అనంతమ్మ జుట్టు పట్టి కూలేసింది. ఆండాలు ఆమె షిఫాన్ కొంగుతోనే కిటికీ ఊచలకు కట్టేసింది.

రామస్వామి దగ్గుతూనే కింద పడ్డ ఎన్‌కోడర్‌కు వైర్లు తగిలించి ఇరుసు తిప్పాడు. కౌంటర్ మీద అంకెలు వరుస తప్పకుండా పరిగెత్తాయి.

“మొదటిది,” అన్నాడు రిసీవర్‌లో. మరుక్షణం లైన్ తెగిపోయింది.

అమ్మాజీని శాఖ జీపెక్కించి ఆండాలు తిరిగొచ్చేసరికి తన ట్రంకుపెట్టె మెట్ల మీద ఉంది. గది కడిగి పెడతానని ఆండాలు బతిమాలింది. అంతకుమించి చెప్పుకునే వీలు ఆమె ఉద్యోగంలో లేదు.

“ఒక్కదాన్నే ఉంటనని దిగితివి. గిప్పుడు సూడు, పిస్తోళ్లు, జీపులు,” అంది అనంతమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “నీ మిషిన్లు బండకేసి కొట్టినా ఖరాబ్ గావు గని, నా ఓపికకు గా గ్యారంటీ లేదు పిల్లా.”

ఆండాలు నోరు తెరిచేలోపే ఆమె తలుపు మూసేసింది.