ఎడమ చెంప బొమ్మ

అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! సోమల ఊరి మీద కారుమేఘాలు కమ్మి, పట్టపగలే అంధకారం అలుముకుంది. పశువుల కొట్టంలో గుడ్లగూబ వికృతంగా కూసింది.

రేఖ ఇంటి ముంగిట, కపాలం ఎదుట బైరప్ప ఆసీనుడయ్యాడు. మదనపల్లె మార్కెట్‌లో టమోటా బుట్టలు దొంగిలించి, తన్నులు తిని, అటుపిమ్మట క్షుద్రోపాసన చేపట్టిన ప్రబుద్ధుడతడు.

రెండేళ్లుగా రేఖ కుడి చెంప క్షీణిస్తోంది. చర్మం ఎముకకంటుకొని, ముఖంలో సగం ముప్పై ఏళ్లదిగా, సగం డెబ్బై ఏళ్లదిగా మారింది. అది అరుదైన వ్యాధి, ఎవరి పాపమూ కాదని కుప్పం వైద్యుడు స్పష్టంగా చెప్పాడు. భర్త ప్రవీణ్ ఆ మాటను పెడచెవిన పెట్టి, భార్య ఫోటోను వాట్సాప్‌లో ఈ మహానుభావుడికి పంపాడు!

గడప కింద తవ్విన బైరప్ప మైనపు బొమ్మనొకదాన్ని పైకెత్తాడు. దాని ఎడమ చెంప గుంటపడి ఉంది! ఈ చేతబడి అత్త నాగమ్మదేననీ, ఆమె ముందుపళ్లు ఊడబెరికితే గాని కోడలి ముఖం నిలవదనీ ప్రకటించి, పటకారు తీశాడు. ప్రవీణ్ కన్నతల్లి చేతులు విరిచి పట్టుకున్నాడు...

అంతలో రేఖ జుట్టు విరబోసుకుని లేచింది. ఆ కళ్లు ఆమెవి కావు. ఊరి గంగమ్మ పూనింది!

"ఈ బిడ్డకు పోయింది కుడి చెంప కదరా. నీ బొమ్మకు ఎడమది యాల పోయిండాది?"

"అడ్డమొస్తే నీ ఇంకో చెంప గూడా తింటాది ఈ పుర్రె," అన్నాడు బైరప్ప.

ప్రవీణ్ ఒక చేత్తో తల్లిని పట్టుకునే, రెండో చేత్తో ఫోన్ తెరిచాడు. తాను పంపింది రేఖ తీసుకున్న సెల్ఫీ. అద్దంలో వలె అందులో కుడి ఎడమైంది. దాన్ని చూసి బొమ్మ చేసినవాడెవడో ఇక వేరే చెప్పాలా?

నాగమ్మ చేతులు విడిపించుకుని కర్పూరం వెలిగించింది.

"ఈ బొమ్మ నువ్వు చేసింది కాదని కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యప్పా. నా పళ్లు నేనే ఇస్తా."

అబద్ధానికి కర్పూరం ఆర్పినవాడు బతకడని ఆ సీమలో పసివాళ్లకు సైతం తెలుసు. బైరప్ప వికటాట్టహాసం చేసి, తాను చేయలేదని పలికి, జ్వాలను అరచేత అదిమాడు.

ఫెళఫెళమని పిడుగు! ఆరిన కర్పూరం భగ్గున లేచింది... కపాలం రెండుగా పగిలింది. బైరప్ప ముఖం ఎడమ సగం జారిపోయింది. మంత్రాలు వల్లించిన నోరు మూలకు వంకరపోయి, చొంగ కార్చి, నిలిచిపోయింది. ఆ కపాలపు చిప్పల మీదనే కూలి ప్రాణం విడిచాడు.

రేఖ తన మామూలు గొంతుతో, కుప్పం బస్సు ఎన్ని గంటలకని అడిగింది. ప్రవీణ్ తలవంచుకునే సమాధానం చెప్పాడు.

నాగమ్మ కొడుకు వంక చూసి నవ్వింది... పళ్లన్నీ కనిపించేలా.