ఆరో నంబరు ప్లేటు

"ఆరో నంబరు మీరేనా?" అని అడిగింది వంట టీచరు. చేతిలో కత్తి ఉంది. కాదనే ధైర్యం నాకు లేకపోయింది.

నిజానికి ఆ సీటు మా నాన్నది. ఎండాకాలం వంటలు, నాలుగు ఆదివారాలు, సలాడ్లు, చల్లటి డ్రింకులు, ఐస్‌లు అని ఎక్కడో చూసి, ఫోన్ చేసి పేరు రాయించుకున్నారు. తీరా వెళ్ళే రోజుకి కాలు బెణికింది. "సీటు వృథా అవుతుందిరా, నువ్వెళ్ళు" అని నన్ను తోలారు. నేను ఫ్రిజ్‌లు బాగుచేసేవాణ్ణి. అందులో పెట్టేవాటి సంగతి నాకేం తెలుసు?

"నేనేనండి," అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందదాకా చూసి, "అయ్యో, ఇంత చిన్న వయసులోనే!" అని గొణిగింది. వంట నేర్చుకోవడానికి వయసేమిటో అర్థం కాలేదు. ఆలోచించేలోపే నవ్వింది. ఇక ఆ రోజు నాకేమీ అర్థం కాలేదు.

క్లాసు వాళ్ళింటి వంటగదిలోనే. మొదటి వారం నిమ్మకాయ ఐస్. అందరూ లొట్టలేశారు. నాది మాత్రం విడిగా, మూత పెట్టిన గిన్నెలో తెచ్చింది. నోట్లో పెట్టుకుంటే పళ్ళు జివ్వుమన్నాయి. పంచదార పలుకు లేదు!

"ఎలా ఉంది?" అంది.

"అద్భుతం," అన్నాను. పులుపుకి ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది. ఆమె సిగ్గుపడి తల తిప్పుకుంది. కన్ను కొట్టాననుకుందేమో, ఖర్మ!

రెండో వారం కీరా సలాడ్‌లో ఉప్పు లేదు. పక్కనున్న బామ్మగారి ప్లేట్లోంచి ముక్క తీసుకున్నాను. చేతి మీద ఒక్కటిచ్చారు కానీ, ఆ ముక్కలో ఉప్పు శుభ్రంగా ఉంది. మూడో వారం నా పుదీనా డ్రింకులో ఉప్పూ లేదు, పంచదారా లేదు.

నా మీద పగా? పగైతే ఎదురుగా కూర్చుని, ఆఖరి చుక్క తాగేదాకా అంత ఆప్యాయంగా ఎందుకు చూస్తుంది? పోనీ ఇష్టమా? ఇష్టమైతే వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, పాలగిన్నె దగ్గర పిల్లిని చూసినట్టు నన్నెందుకు చూస్తుంది? ఫ్రిజ్ చల్లబడకపోతే కారణం చిటికెలో చెప్తాను. ఈ అమ్మాయి దగ్గర నా బుర్ర పనిచెయ్యలేదు.

చూస్తుండగానే నాలుగో ఆదివారం వచ్చేసింది. ఈ రోజు దాటితే ఆ గడప తొక్కడానికి నాకు వంకే ఉండదు. అందరూ వెళ్ళేదాకా ఆగి, చప్పటి మామిడి ఐస్‌క్రీమ్ గిన్నె పక్కన పెట్టాను.

"నా మీద మీకేం కోపమండీ?"

"కోపమా?"

"మరి నాకొక్కడికే ఉప్పు, పంచదార ఎందుకు వెయ్యరు?"

ఆమె నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. "మీరే కదా ఫోన్లో చెప్పారు! షుగరు, బీపీ ఉన్నాయి, నావి చప్పగా చెయ్యమ్మా అని. ఇదిగో, ఆరో నంబరు!"

"ఆ ఫోన్ చేసింది మా నాన్న! నేను గుండ్రాయిలా ఉన్నాను."

సంతోషిస్తుందనుకున్నాను. ఏడుపు మొహం పెట్టింది. "మరి ప్రతిసారీ అద్భుతం అన్నారు! అన్నీ అబద్ధాలేనా?"

"మీరు ఎదురుగా కూర్చుంటే నాకు రుచి గుర్తుండదు. మీరంటే నాకు చాలా ఇష్టం," అనేశాను.

గుమ్మంలోంచి వాళ్ళమ్మ గొంతు వినిపించింది. "షుగరు లేదన్న ముక్క ముందే చెప్పొద్దూ నాయనా! ఈ వయసుకే షుగరున్నవాణ్ణి చేసుకుని ఏం సుఖపడతావే అని దీన్ని రోజూ తిట్టిపోస్తున్నాను."

"అమ్మా!" అని అరిచింది.

"చేసుకోవడమా?" అన్నాను, నా చెవుల్ని నేనే నమ్మలేక.

ఆమె నోటుబుక్కు మూసి, తల ఎత్తకుండా అంది: "మూడు వారాల నుంచి నేను కూడా చప్పిడే తింటున్నాను. ముందునుంచే అలవాటు చేసుకుంటే మంచిది కదా అని."